బ్యారన్‌లో పద్యం

ఒంగోలు నుంచి కొండపి వైపు వెళ్లినా కందుకూరు వైపు వెళ్లినా పొలాల మధ్య నిటారుగా, కిటికీలు లేకుండా, నెత్తిన రేకులతో నిలబడిన ఇటుక గదులు కనిపిస్తాయి. కొత్తవాళ్లు వాటిని గోదాములనుకుంటారు. అవి పొగాకు బ్యారన్లు. పచ్చి వర్జీనియా ఆకును వేడితో పసుపు రంగుకు తెచ్చి, ఎండబెట్టే గదులు. 1920లలో గుంటూరు ప్రాంతంలో ఊపందుకున్న ఆ సాగు మా రేగడి నేలలకు దిగాక ఇళ్లలో పెళ్లిళ్లు, చదువులు, అప్పులు అన్నీ దాని చుట్టూనే తిరిగాయి. మా ఇంటి వెనక ఉన్న బ్యారన్‌ను తాతయ్య కట్టించారు. ఇప్పుడు దానిలో పొగాకు కాలడం లేదు. పద్యాలు రికార్డు చేస్తున్నాను.

నా చిన్నతనంలో సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా ఆకు రెలుపులు మొదలయ్యేవి. మొక్కకు కింది నుంచి పక్వానికి వచ్చిన ఆకులు మాత్రమే తెంపి తాటాకు పందిరి కిందికి మోసుకొచ్చేవారు. అక్కడ ఆడవాళ్లు బారులు తీరి కూర్చుని పురికొసతో ఆకును కర్రకు అటూ ఇటూ అల్లేవారు. అల్లిన కర్రలను కింది నుంచి అందిస్తుంటే, బ్యారన్ లోపల వాసాల మీద చెరో కాలు వేసి నిలబడిన మగవాళ్లు వాటిని పైనుంచి కిందికి అంతస్తులుగా పేర్చేవారు. తలుపు మూసి పొయ్యి రాజేశారంటే ఇక అయిదారు రోజులు నాన్నకు కంటి మీద కునుకు ఉండేది కాదు.

పొయ్యి నోరు బయటికి ఉండేది. జామాయిలు కర్రో, తుమ్మ మొద్దో అందులో మండుతుంటే వేడి లోపల నేలబారుగా పరిచిన లావాటి రేకు గొట్టాల గుండా తిరిగేది. పొగ మాత్రం ఆకును తాకకుండా గొట్టంలోంచే బయటికి పోవాలి. మొదట 95, 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఆకు పసుపు తిరిగేదాకా ఓపిక పట్టాలి. తర్వాత కింద, పైన ఉన్న గాలి తలుపులు తీస్తూ, వేడి మెల్లగా పెంచుతూ, ఈనె ఎండే వేళకు 160 దాకా తీసుకెళ్లాలి. తొందరపడితే ఆకు మాడుతుంది, ఏమరుపాటుగా ఉంటే నల్లబడుతుంది. వేలం కేంద్రంలో కొనేవాడు ఆ రంగు చూసే ధర చెబుతాడు. అందుకని నాన్న లాంతరు పట్టుకుని, గోడకున్న చిన్న అద్దంలోంచి లోపలి థర్మామీటరు చూస్తూ రాత్రంతా తిరిగేవారు.

ఆ రాత్రుళ్లు ఆయనకు తోడు మా పెదనాన్న. చుట్టుపక్కల ఊళ్లలో కృష్ణుడి వేషానికి పేరున్న మనిషి. నాటకం లేని రాత్రి పొయ్యి దగ్గర గోనె పట్టా పరుచుకుని కూర్చునేవారు. నాన్నకు నిద్ర ముంచుకొస్తోందని గమనించగానే పద్యం ఎత్తుకునేవారు. మొదటి రెండు పాదాలు మాట్లాడినట్టే నడిచేవి. మూడో పాదంలో గొంతు లేచేది. చివరి పాదం ముగిశాక రాగం తీస్తే ఆ రాగం బ్యారన్ గోడకు తగిలి మా మీదికి తిరిగి వచ్చేది. గోడకు వీపు ఆనించి కూర్చుంటే వెచ్చగా ఉండేది. పద్యం వినడం నాకు అలా అలవాటైంది. విజయవాడ రేడియోలో వచ్చే నాటకాలు కూడా వినేవాళ్లం. 1948లో మొదలైన ఆ కేంద్రం అంటే మా ఇంట్లో పెద్దలకు గుడి మీద ఉన్నంత గౌరవం. అయినా నాకు పద్యమంటే పొయ్యి వెలుగులో, గోడ పక్కన విన్నదే.

పెదనాన్న గొంతు ఒకే ఒక్క క్యాసెట్‌లో మిగిలింది. నాన్న టేప్‌రికార్డరును అరుగు మీద పెట్టి, దానికే ఉన్న మైకుతో పట్టిన రికార్డు. వెనక కాకులు, ఎవరి పొలంలోనో మోటారు, నడుమ అమ్మ చెంబు కింద పెట్టిన చప్పుడు. రాగం సరిగ్గా పైస్థాయికి వెళ్లేచోట టేపు నలిగి, గొంతు ఒకసారి వణికి, కిందికి జారిపోతుంది. ఆ క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి, తెలిసిన ఉపాయాలన్నీ చేశాను. హైదరాబాదులో చాలా ఏళ్లు డబ్బింగు థియేటర్లలో సౌండు పని చేసినవాణ్ని, అది నా వృత్తి. మోటారు మోత తీయగలిగాను, కాకులను తగ్గించగలిగాను. నలిగిన చోట పోయిన స్వరం మాత్రం ఎవరూ తేలేరు. ఆ క్యాసెట్ విన్న ప్రతిసారీ మిగిలిన గొంతులైనా సరిగ్గా పట్టాలన్న తొందర పుట్టేది.

అలాంటి గొంతులు మా వైపు ఇంకా ఉన్నాయి. అర్జునుడు వేసినవారు, దుర్యోధనుడు వేసినవారు, హార్మోనియం పట్టుకుని ముప్పై ఊళ్ల నాటకాలకు నేర్పిన మాస్టార్లు. చాలామందికి డెబ్బై దాటింది. వారిలో ఒకరిని పట్నంలో ఒక స్టూడియోకు తీసుకెళ్లాను. చిన్న అద్దాల గదిలో నిలబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, ముందే వాయించి ఉంచిన హార్మోనియం ట్రాకు మీద పాడమన్నారు. పద్యం ట్రాకుకు లొంగేది కాదు. పాడేవాడి ఊపిరి ఎంతసేపు నిలిస్తే హార్మోనియం అంతసేపు వెంట నడవాలి, ఆయన ఆగినచోట ఆగాలి. బయటికి వచ్చి ఆయన, 'నా గొంతు నా చెవిలో పాడుతుంటే నాకే కొత్తగా ఉందయ్యా' అన్నారు. తిరుగు బస్సులోనే అనుకున్నాను, వీరికి వీరి ఊళ్ల మధ్యనే ఒక గది కావాలని.

బ్యారన్ అప్పటికే ఖాళీగా పడి ఉంది. 2000-01లో పొగాకుకు పంట విరామం ప్రకటించిన ఏడాది మొదటిసారి దాని పొయ్యి చల్లారింది. తర్వాత మళ్లీ కొన్నేళ్లు కాల్చారు కానీ, నాన్న ఆరోగ్యం తగ్గాక పొగాకు మానేసి శనగకు మారారు. బ్యారన్‌లోకి ఎరువుల సంచులు, విరిగిన గొర్రు, పాత సైకిళ్లు చేరాయి. పడగొట్టి ఇటుక అమ్మేయమని బంధువులు సలహా ఇచ్చారు. అమ్మ ఒప్పుకోలేదు. 'మీ నాన్న నిద్ర మానుకుని కాపాడిన గోడలు' అన్నది అంతే.

రికార్డింగు గదికి మొదట కావలసింది బరువైన గోడ. బయటి శబ్దాన్ని ఆపేది బరువే. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే చప్పుడు ఆగుతుందని మా ఊరికి వచ్చిన ప్రతివారూ చెప్పారు. ఆ అట్టలు గదిలోని సన్నని పైశబ్దాలను కొద్దిగా మార్చగలవేమో కానీ పక్క పొలంలో ట్రాక్టరును ఆపలేవు. మా బ్యారన్ గోడలు ఒకటిన్నర ఇటుక మందం, కిటికీ అన్నది లేదు. ఈ మందం గోడ కొత్తగా కట్టాలంటే నా చేతిలో ఉన్న డబ్బు పునాదికే అయిపోయేది.

చిక్కంతా దాని ఆకారంలో ఉంది. పొడవు 16 అడుగులు, వెడల్పు 16, ఎత్తు 16. వేడి సమానంగా తిరగడానికి అది మంచి కొలత, శబ్దానికి అంతకన్నా చెడ్డ కొలత లేదు. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 344 మీటర్లు పోతుంది. 16 అడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య అది అటూ ఇటూ కొట్టుకుంటే 35 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్లయిన 70, 105 దగ్గర గది తనంతట తానే మోగుతుంది. మూడు కొలతలు వేరువేరైతే ఆ మోతలు తలో చోటికి చెదిరిపోతాయి. మూడూ ఒకటే అయితే మూడు మోతలూ ఒకేచోట పోగుపడతాయి. ఖాళీ బ్యారన్‌లో తబలా ఆయనను కూర్చోబెట్టి డగ్గా, అంటే జతలో లావు శబ్దం పలికేది, వాయించమన్నాను. కొన్ని దెబ్బలకు గది మొత్తం గుమ్మని పట్టుకుని వదలలేదు, మరికొన్ని అసలు వినిపించలేదు. ఆయన డగ్గాను అనుమానంగా తిప్పి చూసుకున్నారు.

అందుకని లోపల కొలతలు మార్చాం. పది అడుగుల ఎత్తులో కొత్త సీలింగు వేశాం. ఒక పక్క గోడ కట్టి నాలుగు అడుగుల సందు విడదీశాం, కంప్యూటర్, నా కుర్చీ అందులోకి వెళ్లాయి. ఆ కొత్త గోడకు అడ్డంగా ఉన్న ఒక గోడ పొడవునా రెండు అడుగుల లోతున చెక్క చట్రం కట్టి లోపల శబ్దాన్ని పీల్చే రాక్‌వూల్ (రాతి నార) పలకలు నింపి పైన గోనె గుడ్డ బిగించాం. చివరికి పాడే గది 14 అడుగుల పొడవు, పదకొండున్నర వెడల్పు, పది ఎత్తు అయింది. మేస్త్రికి ఇది మొదట నచ్చలేదు. ఉన్న గది చిన్నది చేయడానికి డబ్బు ఖర్చు పెట్టే మనిషిని ఆయన అంతకుముందు చూడలేదట. గోడ లేచాక మళ్లీ డగ్గా వాయింపించాను. ఆయన తాపీ పక్కన పెట్టి వచ్చి, కళ్లు మూసుకుని విన్నారు. ఆ తర్వాత ఏ పని మొదలుపెట్టినా ముందు చప్పట్లు కొట్టి వినేవారు.

వాసన మరో పెద్ద పని. దశాబ్దాల పొగాకు ఘాటు ఇటుకల్లోకి దిగి ఉంది. లోపల పావుగంట ఉంటే ముక్కు మండేది, గొంతులో గరగర. పాడేవారికి అది పనికిరాదు. పాత గార గీకించి, కడిగించి, ఎండాకాలమంతా తలుపులు బార్లా తీసి ఉంచి, సున్నం మీద సున్నం వేయించాం. ఇప్పటికీ వానాకాలం తేమకు ఆ వాసన లేతగా పైకి వస్తుంది. నాకు అది ఇష్టమే.

గాలి తలుపుల విషయంలో తాతయ్య కాలపు తెలివి మాకు ఉపయోగపడింది. వేడిగాలి పైకి పోయి చల్లగాలి కింది నుంచి రావాలని బ్యారన్‌కు కింద, పైన దారులు ఉంటాయి. పాడే గదిలో ఏసీ వేస్తే దాని రొద మైకులో పడుతుంది, ప్రకాశం జిల్లా ఎండలో గాలి లేకుండా మూసిన గదిలో పెద్దవాళ్లను నిలబెట్టలేం. ఆ పాత దారులనే వాడుకున్నాం. ఒక్కోదానికి లోపలివైపు చెక్క పెట్టె కట్టి, అందులో గాలి మూడు మలుపులు తిరిగి వచ్చేలా అడ్డుపలకలు పెట్టి, వాటికి మందపాటి నురుగు పరుపు అంటించాం. గాలి మలుపులు తిరుగుతుంది, చప్పుడు ఆ మెత్తదనంలో ఇంకిపోతుంది. మే నెలలో మాత్రం తెల్లవారుజామునే పని. పొద్దెక్కితే రేకు వేడికి పై గది మొత్తం కాగుతుంది. గట్టి వాన పడితే రేకుల మోతను ఏ సీలింగూ ఆపలేదు, అప్పుడు టీ తాగుతూ కూర్చుంటాం.

కరెంటు సంగతి క్లుప్తంగా చెబుతాను. మోటార్లు నడిచే లైను మీద మైకు పెడితే వెనక 50 హెర్ట్జ్ జుమ్మనే శబ్దం వస్తుంది. పెరట్లో గుంత తీసి బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి విడిగా ఎర్త్ ఇచ్చాక అది పోయింది. తలుపులు రెండు, వాటి మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ. అంచుల్లో సందు లేకుండా సైకిల్ ట్యూబు కోసి అంటించింది మా వడ్రంగి.

గది సిద్ధమైందని మొదట పిలిచింది పెదనాన్నతో కలిసి నాటకాలాడిన అర్జునుడినే. ఆయన శాలువా సర్దుకుని, చెప్పులు బయట విప్పి, లోపలికి వచ్చి నాలుగు గోడలూ చూశారు. అన్ని గోడలకూ బొంతలు, గోనె పట్టాలు వేలాడుతున్నాయి. ఎత్తుకున్న పద్యం రెండో పాదంలోనే ఆపేశారు. 'గోడ పలకడం లేదు నాయనా. నేను వదిలిన మాట నా దగ్గరికి తిరిగి రావాలి కదా. రాకపోతే ఇంకా గట్టిగా అరవాలనిపిస్తుంది' అన్నారు. హార్మోనియం మాస్టారు కూడా అవునన్నారు. పుస్తకాల్లో చదివిన లెక్క ప్రకారం ఆ గది బాగుంది. కానీ ఈ మనుషులు పందిళ్ల కింద, గుడి ముందు, బడి వరండాల్లో పాడినవారు. తమ గొంతు ఎదుటి గోడ దాకా వెళ్లి రావడాన్ని బట్టి ఊపిరి ఎంత పట్టాలో నిర్ణయించుకుంటారు.

ఒక గోడ మీది బొంతలన్నీ అక్కడికక్కడే దింపేశాం. ఉత్త ఇటుక గోడ అయితే పలుకు పదునుగా, ఒకే దెబ్బగా వస్తుంది, దాన్ని విరగ్గొట్టాలి. బ్యారన్ మూల కట్టలు కట్టి ఉన్న పాత అల్లిక కర్రలు గుర్తొచ్చాయి. వాటిని నిలువుగా, కొన్ని ముందుకు, కొన్ని వెనక్కి, ఒకదాని పక్కన ఒకటి ఎగుడుదిగుడుగా ఆ గోడకు బిగించాం. శబ్దం వాటి మీద పడి తలో వైపుకూ చెల్లాచెదురై మెత్తగా తిరిగి వస్తుంది. కొన్ని కర్రల మీద పురికొస ఒరుసుకున్న గీతలు ఇంకా ఉన్నాయి. అర్జునుడు ఆ గోడకు ఎదురుగా నిలబడి ఒకసారి గొంతు సవరించుకున్నారు. ఆ చిన్న ధ్వని తిరిగి రాగానే మాస్టారి వైపు చూసి తల ఊపారు. ఇక ఆయనను ఆపవలసిన అవసరం రాలేదు.

మైకు సంగతి కూడా ఆయనే తేల్చారు. ముఖం ముందు స్టాండు పెడితే ఆయన చేతులు కదలలేదు. పద్యనాటకం రంగస్థలం మీద మైకులు పైనుంచి వేలాడతాయి. నటులు వాటి కిందికి అడుగు వేసి పాడతారు, అభినయానికి వెనక్కి జరుగుతారు. ఆ దూరం వారి ఒంటికి తెలుసు. సీలింగు నుంచి మైకును తాడుతో దించి, ఆయన నుదుటికి కాస్త పైన, ముందుకు వాల్చి కట్టాను. కండెన్సర్ మైకు కాబట్టి ఆ దూరంలోనూ గొంతులోని చిన్న గరుకు దాకా అందుకుంటుంది. రాగంలో గొంతు ఒక్కసారిగా లేస్తుంది కనుక లెవెల్ బాగా తక్కువలో ఉంచి, సన్నని వివరం కూడా పోకుండా 24 బిట్లలో పడతాను. హెడ్‌ఫోన్లు లేవు. హార్మోనియం, తబలా అదే గదిలో, ఆయన కనుసన్నల్లో. ఒకరి శబ్దం మరొకరి మైకులోకి కొద్దిగా పోతుంది, పోనీయండి. వారు ఒకరినొకరు చూసుకుంటూ పాడటం కన్నా విడివిడి ట్రాకులు నాకు ముఖ్యం కాదు.

పద్యం బాగుంటే జనం 'వన్స్‌మోర్' అని అరవడం, నటుడు మళ్లీ ఎత్తుకోవడం మా నాటకాల్లో మామూలు. ఇక్కడ ఆ పని నా సందులోంచి నేను చేస్తాను. రెండోసారి పాడినది ఎప్పుడూ మొదటిదానిలా ఉండదు, రాగం ఇంకో దారి పడుతుంది. రెండూ ఉంచుతాను. రెండు వేరువేరు డిస్కుల్లో, ఒకటి ఇక్కడ, ఒకటి చెల్లెలి ఇంట్లో.

పద్యాల కోసం కట్టిన గదిలోకి పాటలు తమంతట తామే వచ్చాయి. మా బ్యారన్ దగ్గర ఏళ్ల తరబడి ఆకు అల్లిన ఒక పెద్దమ్మ, అమ్మ కోసం వచ్చి, తలుపు తీసి ఉంటే లోపలికి తొంగి చూసింది. 'ఇన్నేళ్లు ఈ గుమ్మం దాకా కర్రలు మోశాను కానీ లోపల ఇంత చల్లగా ఉంటుందని తెలియదు' అన్నది. అల్లికల పాటలు గుర్తున్నాయా అని అడిగాను. ఒక్క చరణం అని ఆగిపోయింది, ఇంకో చరణం అని నవ్వింది. చేతులు ఊరికే ఉంటే మాట అందడం లేదన్నది. గోడకు బిగించగా మిగిలిన కర్ర ఒకటి, పురికొస, పెరట్లోంచి బాదం ఆకులు తెచ్చి ఇచ్చాను. కర్రను ఒడికీ నేలకీ మధ్య వాల్చుకుని, ఆకులు మూడేసి కలిపి ఇటు ఒక మెలిక, అటు ఒక మెలిక. పది కట్టేలోపు పాట నడక దొరికింది. పురికొస బిగించిన ప్రతిసారీ చిన్న చర్రుమనే చప్పుడు తాళంలో పడింది. కూలి పెంచమని మేస్త్రిని దెప్పే పాట, అత్తగారి ఊరు దూరమని చెప్పుకునే పాట, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పందిట్లో ఒకరు అంటే మిగతావాళ్లు అందుకునేవారు. ఇక్కడ అందుకునే చోట అమ్మ గొంతు కలిపింది. అమ్మ పాడగా నేను అంతకుముందు వినలేదు. ఆ రికార్డులో పురికొస చప్పుడు తీయలేదు, తీయను.

ఆవిడ ఈడువాళ్లు మా ఊరిలోనే ఇంకా కొందరు ఉన్నారు. వారందరినీ ఒకేసారి కూర్చోబెట్టడానికి పాడే గది చాలదు. పాత పందిరి ఉన్నచోటే తాటాకు వేయించి, మైకుల వైర్లు బ్యారన్ గోడలోంచి బయటికి లాగే ఏర్పాటు చేస్తున్నాం. పొయ్యి నోరు మూయకుండా వదిలిన సంగతి అప్పుడు కలిసొచ్చింది, వైర్లన్నీ దానిలోంచే వెళతాయి.

దానికన్నా ముందు రాయబారం సీను ఉంది. ఒకప్పుడు పెదనాన్న కృష్ణుడికి ఎదురు దుర్యోధనుడు వేసినాయన ఇప్పుడు కొడుకు దగ్గర నెల్లూరులో ఉంటున్నారు. కబురు పెడితే వస్తానన్నారు, మిరప కోతలు అయ్యాక. కృష్ణుడి పద్యాలు పెదనాన్న దగ్గర నేర్చుకున్న శిష్యుడు పాడతాడు. శిష్యుడిది నాలుగు శ్రుతి, దుర్యోధనుడిది అయిదున్నర. తబలా ఆయనను రెండు తబలాలు కలుపుకుని రమ్మని చెప్పాం.